ముందు పిలిచినవాడే పెద్ద: అహోబిలాన్ని తిరిగి నిలబెట్టిన జీయరు స్వామి

శ్రీ లక్ష్మీనృసింహ పరబ్రహ్మణే నమః.



నవ నారసింహ క్షేత్రాల మీద మనం చేసిన వీడియోలు చూసి చాలామంది ఒక మాట అడిగారు. "కొండ గురించి చెప్పారు, గుహల గురించి చెప్పారు, స్వామి లీలలు చెప్పారు. మరి ఇన్ని వందల ఏళ్ళు ఆ గుడిని కాపాడుకుంటూ వచ్చిన మనుషుల సంగతేమిటి?" అని. మంచి ప్రశ్న. దేవుడు స్వయంభువే కావచ్చు. కానీ దీపం స్వయంభువు కాదు కదా! రోజూ ఎవరో ఒకరు వెలిగించాలి. ఆ దీపం కొండెక్కిన రోజు కూడా ఒకటి వచ్చింది. దాన్ని మళ్ళీ వెలిగించిన మహానుభావుడి గురించి ఈరోజు చెప్పుకుందాం.

ఆయన అహోబిల మఠం ఏడవ పీఠాధిపతి, శఠకోప యతీంద్ర మహాదేశికులు. శాసనంలో ఆయన్ని వణ్ శఠగోప జీయరు అన్నారు. మన నంద్యాల జిల్లాలో, ఆళ్ళగడ్డకు పక్కనే జరిగిన చరిత్ర ఇది. మనలో చాలామందికి తెలియదు.

ముందుగా, పోయిందేమిటో తెలియాలంటే, ఉన్నదేమిటో తెలియాలి.

అహోబిలం నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి. తిరుమంగై ఆళ్వారు ఈ కొండ మీద పాశురాలు పాడారు. పధ్నాలుగో శతాబ్దంలో మన ఎఱ్ఱాప్రగడ నృసింహ పురాణం రాసింది ఈ క్షేత్ర మహిమ మీదే. ఆ శతాబ్దం చివర మేల్కోట నుంచి శ్రీనివాసాచార్యులనే యువకుడు వచ్చి, ఇక్కడే సన్న్యాసం తీసుకుని, ఆదివన్ శఠకోప స్వామిగా అహోబిల మఠాన్ని స్థాపించారు. మన అన్నమయ్యకు మంత్రోపదేశం చేసిన గురువుగా చెప్పేది ఈయన్నే. 1515లో, కళింగ దండయాత్ర సాగుతున్న రోజుల్లో, శ్రీకృష్ణదేవరాయలు అహోబిలం వచ్చి స్వామికి కంఠహారం, కంకణాలు, బంగారు పళ్ళెం సమర్పించుకున్నారు. ఆయన పేరు చెప్పే జయస్తంభాన్ని ఇవాళ్టికీ దిగువ అహోబిలంలో మనం చూస్తున్నాం.

చూశారా? కవి ఉన్నాడు, గురువు ఉన్నాడు, చక్రవర్తి ఉన్నాడు. ఇంక ఆ గుడికి లోటేముంటుంది అనిపిస్తుంది. ఆ రాయలవారు వచ్చి వెళ్ళిన 50 ఏళ్ళకే కాలం తిరగబడింది. 1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధం జరిగింది. అళియ రామరాయలు యుద్ధంలోనే పోయారు. విజయనగరం పాడుబడింది. రాజవంశం పెనుకొండకు చేరుకుంది. రాజ్యం చిన్నదైపోయింది. సరిహద్దులు రోజుకో చోట ఉంటున్నాయి. మన సీమ ఆ సరిహద్దు మీద పడింది.

1579లో గోల్కొండ సైన్యం అహోబిలం మీదికి వచ్చింది. హండె నాయకులు వాళ్ళతో కలిశారు. గుడిని దోచారు. తరాల తరబడి రాజులూ భక్తులూ సమర్పించుకున్న నగలు పోయాయి. ఆ సీమ అయిదారేళ్ళ పాటు వాళ్ళ చేతిలోనే ఉండిపోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఈ కథ చెప్పేటప్పుడు కొందరు "ఫలానా మతంవాళ్ళు మన గుడి కూల్చారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది సగం నిజం. ఆ దండు నడిపిన సేనాని పేరు గోల్కొండ చరిత్రల్లో మురహరి రావు అని ఉంది. ఆయనతో కలిసిన హండె వాళ్ళు ఈ సీమ నాయకులే. ఆ సైన్యాన్ని పంపిన ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు కవుల్ని పిలిచి ఆదరించినవాడు. అద్దంకి గంగాధర కవి తన కావ్యాన్ని ఆయనకే అంకితం ఇచ్చాడు. మన కవులు ఆయన్ని ముద్దుగా మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. మరి గుడి దోపిడి తప్పు కాదా అంటే, ముమ్మాటికీ తప్పే. కానీ అది ఆశ చేసిన పని, అధికారం చేసిన పని. ఆశకు కులం, మతం ఉండవు. హిరణ్యకశిపుడు ప్రహ్లాదుడికి పరాయివాడు కాదు కదా, కన్నతండ్రి! కాబట్టి ఈ కథ విని పొరుగువాడి మీద పళ్ళు నూరేవాళ్ళు దీన్ని సగమే విన్నట్టు.

అసలు కథ దోపిడి తర్వాత మొదలవుతుంది.

అయిదారేళ్ళంటే ఏమిటో ఆలోచించండి. ఆ క్షేత్రాన్నే నమ్ముకుని ఎన్ని కుటుంబాలు ఉంటాయి? అర్చకులు ఉంటారు, వంటవాళ్ళు, పూలు కట్టేవాళ్ళు ఉంటారు. మేళగాళ్ళు, పల్లకి మోసే బోయీలు, దేవుడి మాన్యం దున్నే రైతులు ఉంటారు. ఒక ఉత్సవం ఆగితే ఆ సంవత్సరం కూలి పోతుంది. అయిదు ఉత్సవాలు ఆగితే పిల్లలకు ఆ పనే రాకుండా పోతుంది. మేళం పట్టాల్సిన పిల్లవాడు వేరే ఊళ్ళో పశువులు కాసుకుంటాడు. ఏ వాహనం ఏ రోజో, ఎవరి వంతు ఎప్పుడో చెప్పే ముసలాయన కన్నుమూస్తాడు. రాతి గోడ పడిపోతే ఎప్పుడైనా కట్టుకోవచ్చు. వంతు మరిచిపోతే ఎవరిని అడుగుతాం? గుడి అసలు పాడయ్యేది అక్కడ.

అటువంటి సమయంలో పీఠం మీద ఉన్నారు మన శఠకోప యతీంద్రులు. ఆయన చేతిలో ఏముంది? సైన్యం లేదు. సన్న్యాసి కనుక సొంత ధనం లేదు. మూల క్షేత్రమే చెయ్యి జారింది. మరి ఏముంది?

మఠానికి ఆదివన్ శఠకోపుల కాలం నుంచి ఒక సంప్రదాయం ఉంది. నవ నారసింహుల్లో మాలోల నరసింహుడి ఉత్సవమూర్తిని జీయరు స్వామి తమ వెంటే ఉంచుకుంటారు. ఊరూరా తిరుగుతారు. ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊళ్ళోనే ఆరాధన. "మీరు నా దగ్గరికి రాలేకపోతే నేనే మీ దగ్గరికి వస్తాను" అని స్వామి బయల్దేరాడన్నమాట. క్షేత్రం పోయినా ఆరాధన పోకుండా ఉండే ఏర్పాటు మఠంలో మొదటి నుంచీ ఉంది. ఇల్లు కాలిపోయినా పొయ్యిలో నిప్పు దాచుకున్నట్టు.

ఆ నిప్పుతో ఆయన చేసిన పని ఏమిటంటే, వెళ్ళి అడిగారు.

అప్పటి రాజు ఆరవీటి శ్రీరంగరాయలు. జీయరు స్వామి ఆయన్ని ఆశ్రయించి అహోబిలాన్ని విడిపించమని కోరారు. చదవడానికి చిన్న మాటే. కానీ ఆలోచించండి, అన్నీ వదులుకున్న సన్న్యాసికి రాజుతో పనేముంది? తనకోసమైతే ఆయన నోరు తెరవనక్కర్లేదు. ఏ చెట్టు కిందైనా జపం చేసుకోవచ్చు. "అంతా స్వామి ఇచ్ఛ" అని కళ్ళు మూసుకుంటే ఎవరూ తప్పు పట్టరు. పైగా అడగబోయే రాజు కూడా సుఖంగా లేడు. నాలుగు వైపుల నుంచీ ఒత్తిడి. "నా కోటే నాకు దక్కేట్టు లేదు, నీ గుడి సంగతి ఎక్కడ చూడమంటావు స్వామీ" అనొచ్చు.

అయినా అడిగారు. తనకోసం అడిగితే యాచన. పదిమంది కోసం అడిగితే కైంకర్యం. ఈ తేడా మనం గుర్తుపెట్టుకోవాలి.

శ్రీరంగరాయలు కాదనలేదు. కొండరాజు వెంకటరాజును, తిరుమలరాజును పంపించారు. వాళ్ళు ఆ సీమను విడిపించి, క్షేత్రాన్ని మళ్ళీ స్వామి సేవకు అప్పగించారు. ఈ సంగతంతా అహోబిలంలోనే శక సంవత్సరం 1506 నాటి శాసనంలో ఉంది. అంటే క్రీస్తు శకం 1584-85. మళ్ళీ గంట మోగింది.

ఆ తర్వాత జీయరు స్వామి చేసిన పని నాకు ఇంకా ఇష్టం. గుడిని విడిపించిన వెంకటరాజుకు గుడిలో మర్యాదలు ఏర్పాటు చేశారు. ఆయన పేరు శాసనంలో నిలబడింది. ఇది మొహమాటం కోసం చేసిన సన్మానం కాదు. గుడిలో మర్యాద అంటే హక్కూ, బాధ్యతా రెండూ. "ఈ గుడి నీది కూడా. రేపు దీనికి కష్టం వస్తే నువ్వూ, నీ పిల్లలూ రావాలి" అని చెప్పడం. పని అయిపోయాక ఘనత అంతా తన ఖాతాలో వేసుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. దాన్ని పంచిపెట్టేవాడు గురువు.

ఇంకొక్క విషయం. ఈ జీయరు స్వామి సంస్కృతంలో ఒక నాటకం రాశారు. పేరు వాసంతికా పరిణయం. అహోబిల నరసింహుడికి, వాసంతిక అనే అడవిపిల్లకు జరిగిన పెళ్ళి కథ. యుద్ధాన్నీ దోపిడీనీ చూసిన మనిషి కలం నుంచి పెళ్ళి కథ వచ్చిందండీ! మనమైతే ఏం రాస్తాం? శత్రువుల్ని తిడుతూ శతకం రాస్తాం. ఆయన పెళ్ళి రాశారు. అదీ ఎవరితో? నల్లమల అడవి పిల్లతో. చెంచులు ఇవాళ్టికీ నరసింహస్వామిని తమ ఇంటి అల్లుడనే అనుకుంటారు.

ఆ పెళ్ళి పిలుపులు మీకు తెలిసినవే. ఏటా కనుమ రోజున పారువేట మొదలవుతుంది. జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాదవరద స్వామి ఒకే పల్లకిలో కొండ చుట్టుపక్కల ముప్పైకి పైగా ఊళ్ళు తిరుగుతారు. నలభై రోజులకు పైగా తిరిగి, ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలకు ముందు గుడికి చేరతారు. ఎందుకు తిరుగుతారు? "నా పెళ్ళికి రండి" అని పిలవడానికి. ఈ ఆనవాయితీ ఆదివన్ శఠకోపుల నాటిదని పెద్దలు చెబుతారు. లోకాలన్నీ ఏలేవాడు పేదవాడి అరుగు మీద దిగి, నువ్వు రావాలయ్యా అంటున్నాడు. పల్లకి వచ్చినప్పుడు ముస్లిం సోదరులు కూడా వచ్చి దండం పెట్టుకునే ఊళ్ళున్నాయి. శాసనంలో ఉన్న యుద్ధం ఎక్కడ, ఈ దండం ఎక్కడ! రాజులు గీసిన గీతను పల్లకి చెరిపేసింది.

ఇటువంటి గురువులు మన దగ్గరే ఉంటారా? ఉండరు. కష్టం ఎక్కడుంటే అక్కడ పుడతారు. దూరదేశం నుంచి ఒక్క ఉదాహరణ చెబుతాను.

యూదుల్లో హసీదీలని ఒక భక్తి సంప్రదాయం ఉంది. పాట, ప్రార్థన, గురుభక్తి వాళ్ళకు ప్రాణం. గురువును రెబ్బె అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో హిట్లర్ మనుషులు 60 లక్షల మంది యూదుల్ని చంపేశారు కదా, ఆ మంటల్లో నుంచి బయటపడ్డ రెబ్బెల్లో ఒకాయన యెకుతీయెల్ యెహూదా హాల్బర్‌స్టామ్. 1905లో పుట్టారు. క్లౌసెన్‌బర్గ్ అనే ఊరికి గురువు. యుద్ధంలో ఆయన భార్య పోయింది. పదకొండు మంది పిల్లలూ పోయారు. పదకొండు మంది! ఒక్కరూ మిగల్లేదు.

యుద్ధం అయ్యాక ఆయన జర్మనీలో శరణార్థుల శిబిరంలో ఉన్నారు. అక్కడంతా ఆయనలాంటి వాళ్ళే. తండ్రి లేని పిల్లలు, పిల్లలు లేని తండ్రులు. వాళ్ళకు ఏడాదిలో అన్నిటికన్నా పవిత్రమైన ఉపవాస దినం వచ్చింది. ఆ సాయంత్రం తండ్రి పిల్లల తల మీద చేతులుంచి దీవించడం వాళ్ళ ఆచారం. ఒక అనాథ పిల్ల ఆయన దగ్గరికి వచ్చి, నన్ను దీవించడానికి నాన్న లేడని ఏడ్చిందట. ఆయన ఆ పిల్లను తండ్రిలాగా దీవించారు. అది తెలిసి ఇంకో పిల్ల, ఇంకో పిల్ల వరసగా వచ్చారట. అందర్నీ దీవించాకే ప్రార్థనకు వెళ్ళారని ఆయన శిష్యులు చెప్పుకుంటారు.

తన పిల్లల తలలు ముట్టుకోవడానికి లేని చేతులు అవి. ఆ చేతుల్ని పక్కవాళ్ళ పిల్లల తల మీద పెట్టారు. ఆయన సమాజం మళ్ళీ మొదలైంది అక్కడే. ఆ శిబిరాల్లోనే బడులు పెట్టారు. 1947లో అమెరికా వెళ్ళారు. తర్వాత ఇజ్రాయెల్‌లో నెతన్యా అనే ఊళ్ళో తన వాళ్ళకోసం ఒక పేట కట్టించారు, దాని పక్కనే ఆసుపత్రి కట్టించారు. 1994లో పరమపదించారు. ఇవాళ ఆయన శిష్యసమాజం వేల కుటుంబాలు.

ఈయన కథ, మన జీయరు స్వామి కథ ఒకటే అని నేననను. ఒకాయన పోగొట్టుకున్నది క్షేత్రం, ఒకాయన పోగొట్టుకున్నది కన్నబిడ్డల్ని. తూకం వేసే నష్టాలు కావవి. కానీ ఇద్దరూ తర్వాత చేసిన పనిలో ఒక పోలిక ఉంది. ఎవరో వచ్చి పిలుస్తారని కూర్చోలేదు. తామే మనుషుల్ని దగ్గరికి తీసుకున్నారు.

మనకు కావలసిందీ ఇదే. ఎందుకంటే యుద్ధాలు గోల్కొండ నుంచే రావు. ఊళ్ళోంచే పుడతాయి. మన సీమకు ఆ బాధ కొత్త కాదు.

పోయినేడు మా చుట్టుపక్కల ఒక ఊరి పెద్దలు నా దగ్గరికొచ్చారు. "సామీ, గుడికి రంగులు కొట్టించినాము. మైకుసెట్టు కొన్నాము. రథానికి కొత్త చక్రాలు చేయించినాము. కానీ తొమ్మిదేళ్ళ నుంచి తేరు కదల్లేదు" అన్నారు. ఎందుకని అడిగితే చెప్పలేక చెప్పారు. ఊళ్ళో రెండు వర్గాలు. ఎప్పుడో గొడవ జరిగింది, ప్రాణం పోయింది. అప్పటి నుంచి ఈ వీధివాళ్ళు ఆ వీధి పెళ్ళికి పోరు. తేరుకు ఒక పక్క మోకు వీళ్ళది, రెండో పక్క మోకు వాళ్ళది. ఒక పక్కే లాగితే తేరు ఎట్లా కదుల్తుంది?

"మరి వాళ్ళను పిలిచినారా?" అన్నాను.

"మేమెట్లా పిలుస్తాం సామీ? వాళ్ళు మమ్మల్ని పిలిచినారా?"

అక్కడుంది ముడి. పిలవని పేరంటానికి పోకూడదని మనకు పట్టింపు. మంచిదే. కానీ ఇద్దరూ పిలుపు కోసమే కూర్చుంటే పేరంటమే ఉండదు కదా! "పిలిస్తే చిన్నబోతాం" అనుకుంటారు. నేను వాళ్ళకు పారువేట గుర్తు చేశాను. ఏటా నలభై రోజులు గడప గడపకూ తిరిగి పిలిచే ఆ నరసింహుడు ఎవరికన్నా చిన్నబోయాడా? ముందు పిలిచినవాడే పెద్ద. అంతకుమించి నేను చెప్పిందేమీ లేదు.

వాళ్ళలో ఒక పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ గొడవలో పోయింది ఆయన తమ్ముడేనట. లేచి పోతూ, "మోకు పట్టుకోమని పోయి అడుగుతా సామీ. వస్తే వస్తారు, రాకుంటే లేదు" అన్నాడు. ఆ మాట అనడానికి ఆ మనిషికి ఎంత బలం కావాలో మీరే ఆలోచించండి. తేరు కదులుతుందో లేదో ఆ ఊరివాళ్ళ చేతుల్లో ఉంది. కానీ నా లెక్కలో ఆ పెద్దాయన అప్పటికే ఒక చక్రం కదిపాడు.

పెద్ద పనులు ఒక్క తరంలో కావని నీరసపడే వాళ్ళకు ఇదే మఠం నుంచి ఇంకో మాట చెప్పి ముగిస్తాను. శ్రీరంగంలో దక్షిణం వైపు రాయగోపురం విజయనగర కాలంలో మొదలై, మొదట్లోనే ఆగిపోయింది. నాలుగు వందల ఏళ్ళు మొండిగా నిలబడింది. అహోబిల మఠం 44వ జీయరు స్వామి ఎనభై ఏళ్ళు దాటిన వయసులో ఆ పని తలకెత్తుకున్నారు. ఊరూరా విరాళాలు అడిగారు. ఏడవ జీయరు స్వామి రాజును అడిగారు, ఈయన మామూలు జనాన్ని అడిగారు. 236 అడుగుల ఎత్తున, పదమూడు అంతస్తులతో ఆ గోపురం 1987లో కుంభాభిషేకం జరుపుకుంది. వయసైపోయింది, కాలం మారిపోయింది, ఇప్పుడెవరు వస్తారు అనుకునేవాళ్ళు ఆ గోపురాన్ని ఒకసారి తలెత్తి చూడాలి.

ఈ వారం మీరు చేయవలసింది ఒక్కటే. ఈసారి అహోబిలం వెళ్తే, దిగువ సన్నిధిలో దర్శనం అయ్యాక ఆ శాసనాల ముందు ఒక్క క్షణం నిలబడి, ఏడవ జీయరు స్వామిని తలుచుకోండి. ఇంటికి వచ్చాక, మీరు పిలవడం మానేసిన గడప ఒకటి ఉంటుంది. అన్నదమ్ములదో, ఆడబిడ్డదో, పక్కింటివాళ్ళదో. మనసులో మీకే తెలుసు. ఈ పండగకు ఆ గడపకు వెళ్ళి బొట్టు పెట్టి పిలవండి. వాళ్ళు వచ్చినా రాకపోయినా, మీ పిలుపు స్వామికి చేరుతుంది.

ప్రహ్లాదవరదుడు మీ ఇళ్ళను, మీ ఊళ్ళను చల్లగా చూడాలని కోరుకుంటూ,

శుభం భూయాత్.